తొట్టిలో ఇరవై చేపలు

చేపను బతికించడం చేపలే కులవృత్తైన గంగపుత్రుడికి ఇంకొకరు నేర్పాలా? సౌదీలో ఖమీస్ ముషైత్ అవతలి కొండల్లోని బంగారు గనిలో జగిత్యాల నర్సింలుకు ఆ పనే దొరికింది. రాయి కడిగిన మందునీళ్లు శుద్ధి అయ్యాక ఒక గాజు తొట్టిగుండా పారి డ్యామ్ చెరువులో కలుస్తాయి. ఆ చెరువు చేపల మీదే కింది ఊరు బతుకుతోంది. తొట్టిలో ఇరవై జిలేబి చేపలు. "ఒక్కటి కూడా చావొద్దు" అని ఫోర్‌మన్ హిందీలో చెప్పి పోయాడు, అంతే.

సౌదీవాళ్లకే ఉద్యోగాలన్న నితాఖత్ పేరు చెప్పి కొందరిని, విదేశీ కూలీల మీద పన్ను, ఆ లెవీ కట్టలేమని కొందరిని కంపెనీ ఇంటికి పంపుతున్న ఏడాది అది. నర్సింలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పని చేశాడు. పొద్దున్నే ఒకటో రెండో చచ్చి తేలితే ఎవరి కంటా పడకుండా తీసేసి, వల విసిరి కొత్తవి పట్టి వేసేవాడు. పెంచే చేపను తేలనివ్వడం వాళ్ల ఇంటావంటా లేదు మరి. పదకొండు నెలల్లో ఇరవైకి ఒక్కటి తగ్గలేదు. మేనేజర్ భుజం కూడా తట్టాడు.

ఒక రోజు పర్యావరణం కాగితాలు చూసే హైదరాబాదీ గౌస్ మొహిద్దీన్ నవ్వుకుంటూ వచ్చాడు.

"నీ చేపలే సాక్ష్యం నర్సింలన్నా. ఒక్కటి సావలేదంటే నీళ్లల్ల విషం లేనట్టే. చెర్లకు మూడింతలు ఇడవొచ్చని ఇంకో గంటల మేనేజర్ గదిల సంతకమైతది."

"అవి సస్తయా లేదా సూసుడానికి ఏసిండ్రా సారూ?"

"మరి దేనికనుకున్నవ్?"

నర్సింలు ఉన్నదంతా చెప్పేశాడు. గౌస్ కుర్చీలో కూలబడ్డాడు.

"ఎన్ని మార్చినవే?"

"మూడు నాలుగు వందలుంటయ్."

"బయట పడితే నిన్ను ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపుతరు. నన్ను కూడా. నోరు మూస్కో." అంతలోనే గొంతు తగ్గించి అడిగాడు. "గన్ని చేపలు యాడికెళ్లి తెచ్చినవ్?"

"చెర్లకెళ్లే సారూ. రెండు నెలల సంది వలల పిల్లచేప ఒక్కటి పడ్తలేదు. ఎండలకు లోతుకు పోయినయనుకున్న."

అనేశాక ఆ మాట నర్సింలు చెవికే కొత్తగా వినపడింది. పిల్లచేప పడకపోతే చెరువు చస్తున్నట్టేనని అతనికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. తెలిసీ ఎండ మీదికి నెట్టాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"లే సారూ, సంతకం కాకముందే మేనేజర్ గదిల చెప్దాం. నాకు అరబ్బీ సక్కగ రాదు, నువ్వు చెప్పు."