పొట్టి పిడి

ఆ ద్రాక్షతోటలో కలుపుమందు కొట్టరు. వాళ్ల వైన్ సీసా మీద ఆ మాటే పెద్దక్షరాల్లో ఉంటుంది. మందు కొట్టకపోతే కలుపు దానంతటది చావదు, ఎవరో ఒకరు వంగి పీకాలి. ఆ సంగతి సీసా మీద ఉండదు.

వంగేది ఇంటి కోడళ్లిద్దరు. కలుపు పారకు మూరెడు పిడి. పొడుగు పిడి వేస్తే చెయ్యి అదుపు తప్పి తీగ మొదలుకు దెబ్బ తగులుతుందని మామగారి పట్టు.

చిన్నకోడలికి ఈమధ్య పొద్దున్నే మంచం దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోంది. అందుకే ఇవాళ ఆ పిడి ఊడగొట్టి, ఇల్లు తుడిచే కర్ర బిగించుకుని తోటకొచ్చింది.

"మామయ్య చూస్తే తోలు తీస్తారే," అంది పెద్దకోడలు.

"తియ్యనీ అక్కా. లోపల నడుమనేది మిగిలిందో లేదో అప్పుడైనా తెలుస్తుంది."

పక్క వరుసలో వాళ్లిద్దరి మరిది, తోట చూడ్డానికి వచ్చినవాళ్లకు చెబుతున్నాడు. "మా నేలలో వానపాములు కూడా హాయిగా బతుకుతాయండీ!"

"వాటికి కలుపు తీసే పని లేదుగా," అని గొణిగింది చిన్నకోడలు. పెద్దకోడలు నవ్వబోయి నడుం పట్టుకుంది.

నిలబడి తీస్తుంటే ప్రాణం లేచొచ్చినట్టుంది. సగం వరుస అయిందో లేదో పార జారి ఒక మొదలు మీద బెరడు లేచిపోయింది. సరిగ్గా అప్పుడే మామగారు వచ్చారు.

"చెప్పానా లేదా?" అంటూ గాయం చూడ్డానికి వంగారు. "ఇది మా నాన్న నాటిన తీగ."

"తప్పే మామయ్యా. మందు వద్దన్నారు, సరే అన్నాను. ఇప్పటికీ సరే. కానీ పొట్టి పార ఇక నావల్ల కాదు. ఈ కర్రైనా ఒప్పుకోండి, లేదా మీరే వంగండి."

"వంగే ఉన్నాగా!"

నిజమే. వంగిన మనిషి వంగినట్టే ఉన్నారు. లేవబోతే నడుం రాలేదు. కోడళ్లు చెరో చెయ్యీ పట్టుకోబోతే విదిలించుకున్నారు.

"ఆ కర్ర ఇటివ్వు."

ఇచ్చింది. పార నేలకు ఆనించి, కర్ర మీద గుప్పిట తర్వాత గుప్పిట వేసుకుంటూ పైకి లేచారు. ఊపిరి కూడదీసుకున్నారు. కర్రను మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. దాన్నే ఊతంగా పట్టుకుని ఇంటిదారి పట్టారు. అడుగుకోసారి పార రాళ్లకు తగిలి ఠంగుమంటోంది.

"పోయిందిగా నీ కర్ర," అంది పెద్దకోడలు. "మరి రేపో?"

చిన్నకోడలు బెరడు లేచిన చోట తడిమట్టి మెత్తింది. తిట్టుకునే ఓపిక కూడా లేదు.

"బూజుకర్ర ఉందిగా అక్కా. అది ఇంకా పొడుగు."