తొంభై కిలోల కానుక

మా బావ బరువు తొంభై కిలోలు. ఆ సంగతి నాకు తెలిసినంత బాగా తూకం వేసే యంత్రానికి కూడా తెలియదు, ఎందుకంటే పదకొండేళ్లుగా ఎత్తుతున్నది నేను. ఆస్పత్రిలో రోగుల్ని మంచం మీంచి స్ట్రెచర్ మీదికి మార్చడం నా ఉద్యోగం. డ్యూటీ దిగాక అక్కతో కలిసి బావని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పడం నా రెండో ఉద్యోగం. దానికి జీతం లేదు, తిట్లు మాత్రం దండిగా ఉన్నాయి.

"ఏరా బామ్మర్దీ, సిమెంటు బస్తాని కూడా ఇంతకంటే ప్రేమగా దించుతార్రా!"

బావ గోడలకి రంగులేసేవాడు. పరంజా మీంచి పడి మెడ విరిగింది. మెడ కింద కదలిక లేదు, స్పర్శ లేదు. నోరు మాత్రం ఇద్దరికి సరిపడా పనిచేస్తుంది.

స్పర్శ లేకపోవడమంటే ఏమిటో నేనే ఒకసారి చూపించాను. రెండేళ్ల క్రితం చలికి పాదాలు గడ్డకట్టినట్టున్నాయని వేణ్నీళ్ల సంచి పెట్టి, తీయడం మర్చిపోయాను. మడమ బొబ్బలెక్కి పుండు పడింది. ఆ సమయమంతా బావ హాయిగా జోకులేస్తూనే ఉన్నాడు. మానడానికి మూడు నెలలు పట్టింది. అక్క నన్ను పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అలాంటి మనిషి ఒకరోజు పాస్టరుగారి ముందు, తనకి నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇవ్వమని అడిగాడు.

"అంత కష్టమెందుకండీ? తల మీద నీళ్లు చిలకరిస్తాను. దేవుడు మనసు చూస్తాడు," అన్నారు పాస్టరుగారు, పాపం ఎంతో మెత్తగా.

"తల రోజూ ఇస్తూనే ఉన్నానండీ. పనిచేసేది అదొక్కటేగా! పనిచెయ్యని మిగతాదంతా ఇంకా ఇవ్వలేదు."

పాస్టరుగారు వెళ్లగానే నేను విరుచుకుపడ్డాను. "నీకేం, పడుకుని కోరికలు కోరతావు! నీళ్లలో జారితే? ముక్కులోకి నీళ్లు పోతే గట్టిగా దగ్గే బలం కూడా లేదు నీకు. రేపు అక్కకి నేనేం చెప్పాలి?"

బావ నవ్వలేదు. అందుకే భయమేసింది నాకు.

"పడ్డరోజు నుంచీ ఈ ఒళ్లు నాది కాదురా. డాక్టర్లది, మీ అక్కది, నీది. కడిగేవాళ్లు కడుగుతారు, తిప్పేవాళ్లు తిప్పుతారు. చర్చిలో అందరూ చేతులెత్తి స్తుతిస్తుంటే నేను ఒళ్లో ఉన్న నా చేతుల్ని చూస్తూ కూచుంటాను. ఇది చెత్తబుట్టలో వెయ్యాల్సింది కాదని ఒక్కసారి నాకు తెలియాలి. ఒక్కసారైనా దీన్ని నా అంతట నేను ఆయనకివ్వాలి. నువ్వు ఎత్తకపోతే ఇంకెవరెత్తుతార్రా?"

గుమ్మంలో నిలబడ్డ అక్క అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. మర్నాడు నేనే వెళ్లి డాక్టరుగారిని అడిగితే, నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, ముక్కు మూయాలి, ఒక్క క్షణంలో పైకి తీసెయ్యాలి అని ఒప్పుకున్నారు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ చర్చి వెనక ఉన్న తొట్టి చుట్టూ చేరారు. నాలుగు మెట్లు, నడుం లోతు నీళ్లు. అక్క మూడుసార్లు మోచెయ్యి ముంచి వేడి చూసింది. నేను బావ కింద మందపాటి దుప్పటి పరిచి, రెండు మణికట్లూ గుడ్డపేలికతో గుండె మీద కలిపి కట్టాను. అది మా ఆస్పత్రి అలవాటు. కట్టకపోతే చేతులు జారి ఎక్కడో కొట్టుకుంటాయి. చర్చివాళ్లు ముగ్గురు, నేను, నలుగురం నాలుగు మూలలు పట్టుకున్నాం. ఒకటి, రెండు, మూడు అన్నాను. మెట్టు మెట్టుకీ తలప్రాణం తోకకొచ్చింది.

నాలుగో మెట్టు దిగాక బరువు పోయింది.

అబద్ధం కాదు, పోయింది! మిగతా ముగ్గుర్నీ దుప్పటి లాగేసి పక్కకి జరగమని నడుం కింద చెయ్యి పెడితే, పదకొండేళ్లు నా వీపు విరగ్గొట్టిన మనిషి నా ఒక్క అరచేతి మీద తేలుతున్నాడు. పాస్టరుగారు తల కింద చెయ్యి వేశారు.

"ముడి విప్పరా," అన్నాడు బావ.

"ఊరుకో బావా, చేతులు గోడకి కొట్టుకుంటాయి. నీకు తెలియను కూడా తెలియదు."

"కట్టేసి ఇచ్చేదేంట్రా? విప్పు."

తిట్టుకుంటూనే ఒంటిచేత్తో విప్పాను. పేలిక నీళ్ల మీద తేలిపోయింది.

బావ చేతులు లేచాయి. ముందు వేళ్లు, తర్వాత మణికట్లు, తర్వాత మోచేతులు. తొందరేమీ లేకుండా గుండె మీంచి లేచి, అటొకటి ఇటొకటి పూర్తిగా చాపుకుని, అరచేతులు ఆకాశం వైపు తెరుచుకుని నీళ్ల మీద నిలిచాయి.

బావ కళ్లు మాత్రం తిప్పి కుడిచేతిని చూశాడు. తర్వాత ఎడమచేతిని చూశాడు.

"ఎవర్రా పట్టుకుంది?"

"ఎవరూ పట్టుకోలేదు బావా."

"నిజం చెప్పరా."

"నా చెయ్యి నీ నడుం కింద ఉంది. పాస్టరుగారి చెయ్యి నీ తల కింద ఉంది. అక్క గట్టు మీదుంది. ఎవరూ పట్టుకోలేదు."

నీళ్లలో చేతులు వాటంతటవే తేలడం మామూలేనని నాకూ తెలుసు. అయినా ఆ చేతుల మీంచి కళ్లు తిప్పుకోలేకపోయాను. పాస్టరుగారు ప్రార్థన చేసి, ముక్కు మూసి, బావని ముంచి తీశారు. బావ పిల్లాడిలా ఏడుస్తూ నవ్వుతూ ఉన్నాడు. బయటికి తీసేటప్పుడు తొంభై కిలోలూ తిరిగొచ్చాయి. ఎందుకో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం మర్చిపోయాను.

ఆ సాయంత్రం రోజూలాగే బావని పక్కకి తిప్పాను. ఎక్కడైనా ఒరుసుకుందేమోనని వీపు, తుంటి, మోకాళ్లు చూసుకుంటూ మడమ దగ్గరికొచ్చాను. నేను కాల్చిన మచ్చ అక్కడే ఉంది. ఆ పాదాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని తలగడ మీద పెట్టాను. బావకి స్పర్శ తెలియదు గానీ కళ్లు కనిపిస్తాయిగా.

"ఏంట్రా బామ్మర్దీ, గాజుగిన్నెలా పట్టుకున్నావు?"

"ఇప్పుడిది నీది కాదుగా బావా," అన్నాను. "నువ్వెవరికిచ్చావో ఆయన చూస్తున్నాడు."