అత్తయ్య సణుగుడు

అరిటాకులు తుడుస్తున్నాను. తడిగుడ్డతో ఓసారి, పొడిగుడ్డతో ఇంకోసారి. మొత్తం నూట ఇరవై. క్రిస్మస్ వచ్చిందంటే మా కరోరా ఊళ్ళో ప్రతి ఇంట్లో అయాకాలు ఉడకాల్సిందే. మొక్కజొన్న పిండిని ఆకు మీద పలచగా తట్టి, మధ్యలో మాంసం కూర, ఎండుద్రాక్ష పెట్టి, పొట్లంలా మడిచి, దారంతో కట్టి, నీళ్ళలో ఉడికించాలి. బడికి సెలవులిచ్చారు కాబట్టి టీచరమ్మకీ సెలవులేనని అందరూ అనుకుంటారు. నా నడుము మాత్రం అనుకోదు.

"ఇన్ని ఆకులెవరు తెమ్మన్నారో!" అని పైకే అనేశాను.

ముందుగదిలో తమ్ముళ్ళిద్దరితో డామినో ఆడుతున్న మా ఆయన ఎలియో అందుకున్నాడు. "మొదలెట్టావా ఒమైరా! ఏడాదికోసారి వచ్చే పండగ, హాయిగా ఉండటం చేతకాదు నీకు. మా అమ్మ యాభై ఏళ్ళు చేసింది. ఒక్కనాడైనా సణిగిందా?"

పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళుగా వింటున్న మాటే. నాకు పండగంటే గిట్టదని వీళ్ళు ఎప్పుడో తేల్చేశారు. నిజానికి ఆకు సెగ తగిలి మెత్తబడి, ఇల్లంతా ఆ వాసన కమ్ముకునే క్షణం కోసం ఏడాదంతా ఎదురుచూస్తాను. పక్కన ఇంకో రెండు చేతులు లేవనే నా గోల. ఇష్టమూ, విసుగూ ఒకే మనిషిలో ఉంటాయని ఎలా చెప్పను? మధ్యలో ఓ మూడేళ్ళు నోరు మూసుకుని నవ్వుతూ చేశాను కూడా. "చూశావా, ఇప్పుడెంత బావుందో" అన్నారు. పనేమీ తగ్గలేదు, నా మాటే తగ్గింది.

"సణిగేదాన్నే" అంది ఎదురుగా కూర్చుని దారాలు తెంపుతున్న మా అత్తయ్య ఫెలిపా.

"ఏంటత్తయ్యా?"

"కుళాయి బాగా తిప్పేసి సణిగేదాన్ని. ఆ నీళ్ళ చప్పుడులో మీ మామయ్యనీ, వాళ్ళమ్మనీ, ఒక్కోసారి బాలయేసునీ కూడా తిట్టిపోసేదాన్ని. పాపం, ఆయనేం చేశాడు!" అని నవ్వింది. "నువ్వు పైకే అంటావు చూడు, అది నాకు బావుంటుంది."

నాకు నవ్వు రాలేదు. లేచి, ఆకుల బేసిన్ ఎత్తుకెళ్ళి డామినో బిల్లల మీదే పెట్టాను.

"సగం మీవి."

"పండగపూట గొడవెందుకే?" అన్నాడు ఎలియో.

"గొడవ కాదు. ఆకులు."

"మాకు కట్టడం రాదు వదినా" అన్నాడు చిన్న మరిది.

"నేనూ నేర్చుకునే పుట్టలేదు."

ఎలియో నా భుజం మీదుగా వాళ్ళమ్మ వైపు ఆశగా చూశాడు. డెబ్భై ఒక్కేళ్ళ అత్తయ్య మెల్లగా నడిచొచ్చింది. తన ఏప్రన్ విప్పి కొడుకు మెడలో వేసింది. "మడత గట్టిగా వెయ్యి నాయనా, లేకపోతే నీళ్ళు దూరతాయి" అంది.

అత్తయ్యా నేనూ వసారాలో కుర్చీలేసుకుని కూర్చున్నాం. సాయంత్రం, ఇంటింటికీ తిరిగే క్రిస్మస్ పాటలవాళ్ళు వచ్చారు. ఏటా మా గుమ్మంలో వాళ్ళు పాడేది అదే పాట. వాళ్ళు గొంతెత్తగానే అందరికీ తాగడానికేదైనా కలపాలని లోపలికి పరుగెత్తడం మా ఆడవాళ్ళకి అలవాటు. ఈసారి కదల్లేదు. అత్తయ్య ఒళ్ళో చేతులు పెట్టుకుని వింటోంది.

కాసేపటికి నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"ఒమైరా, ఈ పాటకి మూడో చరణం కూడా ఉందా?"