స్విచ్ పెట్టె పక్కన లప్పం ముద్ద

బెన్ని జిప్సం బోర్డు కోస్తే స్విచ్ పెట్టె చుట్టూ వెంట్రుక దూరే సందు కూడా ఉండదని జగ్గయ్యపేట మేస్త్రీలే ఒప్పుకుంటారు. పెట్టె అంచులకు సుద్ద రాసి, బోర్డును ఆనించి గట్టిగా నొక్కుతాడు. వెనక అచ్చు పడుతుంది. ఆ గీత మీదే కోస్తాడు. అంతటి పనిమంతుడూ తన పనితనంతోనే పీకల మీదికి తెచ్చుకున్నాడు.

వెంకటరత్నం గారి పాత ఇంట్లో పడమటి గోడ కిటికీ మూల నుంచి స్విచ్ పెట్టె దాకా ఏటవాలుగా బీట వారింది. కొండ అవతల క్వారీలో మధ్యాహ్నం పూట సైరన్ రెండుసార్లు కూస్తుంది. రెండోది కూశాక పేలుస్తారు. పేల్చినప్పుడల్లా అలమరలో గ్లాసులు గలగలమంటాయి. ఆయన ఇప్పుడా గదిని చిన్నపిల్లల బడికి అద్దెకిస్తున్నాడు.

"గోడ కొత్తదాన్లా ఉండాలి బెన్నీ. బీట కంటబడిందంటే ఆ బడి మేడమ్ నందిగామలో ఇంకోటి చూసుకుంటది."

"ఇది పెరుగుద్దేమోనండి. ముందు గోడ బాగు చేయించి, తర్వాత బోర్డుతో మూద్దామండి."

"ఇల్లు నాదా, నీదా? మూసెయ్యి."

మూశాడు. కానీ మనసు ఊరుకోలేదు. బోర్డు కొట్టే ముందే పెట్టె పక్కన బీటకు అడ్డంగా ఓ లప్పం ముద్ద మెత్తాడు. గోడ కదిలితే ముద్ద చిట్లుతుంది. అక్కడ బోర్డులో కన్నాన్ని కావాలనే ఒక వేలు వెడల్పు ఎక్కువ కోసి, పైన స్విచ్ ప్లేటు బిగించాడు. ప్లేటు విప్పి సెల్ లైటు వేస్తే ముద్ద కనిపిస్తుంది.

మేడమ్‌కి చెప్పేద్దామనుకుంటూనే ఇంటికి చేరాడు. భార్య రూబీ నవ్వుతూ ఎదురొచ్చింది.

"కృపాజ్యోతి మేడమ్ నన్ను ఆయాగా తీసుకున్నారయ్యా! మన మహిమకు ఫీజు కూడా లేదంట."

"ఏ బడి?"

"నువ్వు బోర్డులు కొట్టిన బడే."

రూబీ మొహంలో అంత సంతోషం చూసి చాలా కాలమైంది. బెన్ని బీట మాట మింగేశాడు. గోడలకు చెవులుంటాయంటారు గానీ, నోరున్న మనిషే గోడైపోతే ఎవరేం చేస్తారు?

బడి తెరిచాక, స్విచ్చులు చూసిపోతానని వంక పెట్టి వెళ్లి ప్లేటు విప్పాడు. ముద్ద నిలువునా రెండుగా చిట్లి ఉంది. ఇక దాచలేక కృపాజ్యోతికి చెప్పేశాడు. ఆవిడ గోడను అరచేత్తో నిమిరి చూసింది.

"ఎక్కడండీ పగులు? అద్దంలా ఉంది."

"లోపలుందండి. మూసింది నేనే. ఈ ప్లేటు లోపల చూడండి."

"చిట్లింది లప్పమేగా! మళ్లీ పని దొరకాలని మీరిలా భయపెడతారని ఓనరు గారు ముందే చెప్పారు. ఇంత చక్కటి గోడను పగలగొట్టమంటారా?"

పైన పటారం, లోన లొటారం. ఆ పటారం బెన్ని చేతి పనే. తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది. ఇంటికెళ్లి, ఆ గోడ లోపల బీటుందని, మహిమను బడికి తీసుకెళ్లొద్దని రూబీతో అన్నాడు.

"నువ్వు చేసిన పనిని నువ్వే నమ్మకపోతే ఎట్టాగయ్యా?" అంది రూబీ. మర్నాడు పిల్లను చంకనేసుకుని బయల్దేరింది.

మధ్యాహ్నం బెన్ని ఉండబట్టలేక బడికి వెళ్లాడు. ఏసీ గాలి బాగా తగులుతుందని పిల్లలందరినీ ఆ గోడ వారనే పడుకోబెట్టారు. మహిమ జుట్టు మీద తెల్లటి పొడి పడి ఉంది. రూబీ చీపురుతో వంగి ఊడుస్తోంది.

"పొద్దుట్నుంచి ఎన్నిసార్లు ఊడ్చినా రాలతానే ఉందయ్యా, ఈ సున్నం."

అది సున్నం కాదు. స్క్రూల తలల మీద తను పెట్టిన లప్పం. లోపలి గోడ నెడుతుంటే బోర్డు ఊడి వస్తోంది. అరచెయ్యి ఆనించాడు. మధ్యలో పొట్ట ఉబ్బినట్టు తగిలింది.

మొదటి సైరన్ కూసింది.

బెన్ని ఒక్క ఉదుటున మహిమను ఎత్తుకుని పరిగెత్తాడు. గుమ్మం దాటి, వాకిలి దాటి, గేటు దగ్గర దించాడు. అప్పటికి గానీ మిగతా పిల్లలు గుర్తురాలేదు. రూబీ కూడా. వెనక్కి తిరిగాడు.

"పిల్లల్ని లేపవే! బయటికి రండి!"

రూబీ చీపురు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఏమైందయ్యా, ఎందుకట్టా అరుస్తావు? లేస్తారు వాళ్లు."

ఆమె వెనకాల పిల్లలు ఒకరి మీద ఒకరు కాళ్లేసుకుని నిద్రపోతున్నారు. వాళ్ల తలల దగ్గర గోడ దూరానికి ఒక్క గీత కూడా లేకుండా తెల్లగా, నున్నగా ఉంది.

బెన్ని గుమ్మం వైపు పరిగెడుతుండగా రెండో సైరన్ కూసింది.