నాంచారమ్మ క్యాలెండర్

ఆ ఇంట్లో గ్యాసు బండ మార్చిన తేదీ, గేదెకు సూది వేయించిన తేదీ, శ్రీరమ్యకు ముట్టయిన తేదీ ఒకే క్యాలెండర్‌లో ఉంటాయి. మొదటి రెండూ పెన్నుతో రాస్తారు. మూడోదానికి నాయనమ్మ నాంచారమ్మ కుంకుమ చుక్క పెడుతుంది. దేవుడి గూట్లోని కుంకుమ ముట్టు లెక్కకు ఎలా పనికొచ్చిందని ఆవిడను అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఆవిడకు అక్షరం రాదు గానీ గళ్ళు లెక్కపెట్టడం బాగా వచ్చు. ఇరవై ఎనిమిదో గడి దగ్గర పడిందంటే మనవరాలి మీద చూపు మారిపోతుంది. పాలు పోయించుకోవడానికి వచ్చినవాళ్ళు వాకిట్లో ఉన్నా సరే, "ఏమ్మే, ఇంకా కాలేదా?" అని వసారాలోంచి కేకేస్తుంది. మిరపకాయ అంటును ఓర్చుకోదట. ముట్టయిన ఆడది కళ్ళంలో అడుగుపెడితే ఎండే కాయ రంగు మారి తాలవుతుందట. పురుగుమందులు డ్రోనుతో కొట్టించే రోజుల్లో కూడా ఆ కళ్ళం చుట్టూ ఈ మాట కంచెలా ఉంది.

శ్రీరమ్యకు ఇరవై మూడేళ్ళు. అద్దంకిలో బీకాం చదివి రెండేళ్ళుగా ఇంట్లో ఉంది. ఇంట్లో ఉంది అని ఎవరూ అనరు, ఖాళీగా ఉంది అంటారు. "మా అమ్మాయి ఖాళీగానే ఉందిగా, పంపిస్తా" అని తండ్రి యలమంద చుట్టాల ఇళ్ళకు చాకిరీకి మాటిస్తాడు. "ఖాళీగానే ఉన్నావుగా, ఈ చొక్కా ఇస్త్రీ చెయ్యి" అంటాడు అన్న నాగేంద్రబాబు, మంచం మీద ఫోను చూస్తూ. ఈ ఖాళీ మనిషి తెల్లారకముందే లేచి పేడ తీసి, కూలీలకు టీ కాచి, పొద్దెక్కేలోపు కళ్ళంలో కాయ తిరగేసి, మధ్యాహ్నమంతా తాలుకాయ ఏరుతుంది. సాయంత్రానికి చేతులు మండుతుంటాయి. మజ్జిగలో ముంచినా, కొబ్బరినూనె రాసినా ఆ మంట పోదు. మర్చిపోయి కళ్ళు నులుముకుంటే ఇక ఆ పూట అన్నం కనిపించదు. దీన్ని పని అని పిలిచినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు.

ఇక మిగిలింది ఆ మూడు రోజులే. ముట్టయితే గొడ్ల కొట్టం పక్కన, ఎరువుల బస్తాలు పెట్టే గదిలో నులకమంచం, ఒక చెంబు, ఒక కంచం. నాంచారమ్మ అన్నాన్ని పైనుంచి జారవిడుస్తుంది. చూసేవాళ్ళకు అది శిక్ష. శ్రీరమ్యకు మాత్రం ప్రపంచంలో తలుపు వేసుకోగలిగిన గది అదొక్కటే. అక్కడ ఆమెను ఎవరూ పిలవరు, ఎవరి చొక్కా ఆమె చేతికి రాదు. ఫోనులో అకౌంట్ల పాఠాలు వింటూ, ఉద్యోగాలకు దరఖాస్తులు పెడుతూ మూడు రోజులూ గడిపేది. క్రితం వానాకాలంలో ఒకసారి ఆ మూడు రోజులను ఐదు చేసింది. ఎవరికీ అనుమానం రాలేదు. తర్వాత ముట్టు కాకుండానే అయ్యిందని చెప్పడం కూడా నేర్చుకుంది. "దీని ఒంట్లో వేడి ఎక్కువైంది" అని నాంచారమ్మ సబ్జా గింజల నీళ్ళు తాగించింది, చుక్కలు పెట్టుకుంటూ పోయింది.

ఆ మంగళవారం కూడా అలాగే అబద్ధం చెప్పి గదిలో చేరింది. గుంటూరు దగ్గర, నల్లపాడు దాటాక ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసువాళ్ళు బుధవారం మూడింటికి వీడియో కాల్‌లో మాట్లాడతామన్నారు. ఉద్యోగం వస్తే హాస్టల్లో ఉండాలి. అందుకని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బుధవారం రెండున్నరకల్లా ఇస్త్రీ చుడీదార్ వేసుకుని, ఫోను యూరియా బస్తాకు ఆనించి, తల దువ్వుకుని కూర్చుంది. మూడు కావస్తుండగా తలుపు తోసుకుని తల్లి సుబ్బరావమ్మ గడప మీద నిలబడింది. వెనకాల ఆకాశం నల్లగా ఉంది.

"లే. మబ్బు పట్టింది. కాయ ఎత్తాలి."

"అమ్మా, నేను ముట్టులో ఉన్నా."

"లేవు. ప్యాకెట్లు కొనుక్కొచ్చేది నేను. నెలకెన్ని ఖర్చవుతున్నాయో నాకు తెలీదా? నువ్వు నాటకమాడబట్టి ఎనిమిది నెలలైంది."

తెలిసి కూడా ఎనిమిది నెలలు ఊరుకున్న తల్లి మీద ఆ క్షణాన శ్రీరమ్యకు ప్రేమలాంటిది పుట్టింది. "పది నిమిషాలాగమ్మా, ఉద్యోగం ఫోనొస్తుంది" అంది, దాచకుండా.

"పది నిమిషాలకు కాయ నీళ్ళల్లో ఉంటది" అని సుబ్బరావమ్మ ఆమె జబ్బ పట్టుకుని లేపింది. ప్రేమ అక్కడితో సరి.

యలమంద పెద్దకర్మకని పొదిలి వెళ్ళాడు. కూలీలు మధ్యాహ్నమే వెళ్ళిపోయారు. కళ్ళం గట్టు దగ్గర నాంచారమ్మ అడ్డం నిలబడి "ముట్టుదాన్ని కాయ మీదకు దింపుతావటే?" అని కోడలి మీద లేచింది. "ఎత్తడానికి మనుషుల్లేరత్తా, తప్పదు" అంది సుబ్బరావమ్మ. అబద్ధమని అత్తకు చెప్పలేదు. ముగ్గురాడాళ్ళూ, నాగేంద్రబాబూ కలిసి కాయను కుప్ప చేసి పట్టా కప్పారు. అప్పటికే పైకాయ తడిసింది. శ్రీరమ్య గదికి తిరిగొచ్చేసరికి ఫోనులో ఆరు మిస్డ్ కాల్స్ ఉన్నాయి.

మర్నాడు ఆమే ఫోను చేసి బతిమాలుకుంది. అవతలి మేడమ్ విసుక్కుంటూనే, "సోమవారం పదకొండింటికి మీరే రండి. రాకపోతే ఇంకొకరిని తీసుకుంటాం" అంది.

గురువారం ఎండ ఫెళ్ళున కాసింది. తడి కాయ మీద పట్టా అలాగే ఉంది. "వచ్చి నేనే తీస్తా, ఎవరూ కదిలించొద్దు" అని నాగేంద్రబాబు అద్దంకిలో క్రికెట్ పోటీలకు పోయాడు. శ్రీరమ్య గట్టు ఇవతలే నిలబడి, "పట్టా తీయండి నాయనమ్మా, లోపల కాయ ఉమ్మగిల్లుద్ది" అంది. "గట్టు దాటావంటే కాళ్ళిరగ్గొడతా, నిన్న అంటబెట్టింది చాల్లే" అంది నాంచారమ్మ. తల్లి వైపు చూసింది. "వాడొచ్చి తీస్తానన్నాడుగా" అంటూ తల్లి చూపు తిప్పుకుంది. కొడుకు వద్దన్న పట్టాను తల్లీ నాయనమ్మా ముట్టుకోలేదు. శుక్రవారం కూడా వాడు రాలేదు.

శనివారం పొద్దున యలమంద పొదిలి నుంచి వచ్చి పట్టా లాగాడు. పుల్లటి కంపు కొట్టింది. చెయ్యి పెడితే కుప్ప లోపల వేడిగా ఉంది, పైకి తీస్తే పిడికెడు కాయ తెల్లగా బూజు పట్టి వచ్చింది. అప్పుడే బండి దిగుతున్న కొడుకు వైపు, పెళ్ళాం వైపు చూసి "ఇదెవరి నిర్వాకం?" అన్నాడు. పక్క కళ్ళాలవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. నాగేంద్రబాబు తల్లి వంక చూశాడు.

"నాదే తప్పండీ" అంది సుబ్బరావమ్మ. "వాన రోజున మనుషుల్లేక అమ్మాయిని దింపా. ముట్టులో ఉంది."

ఆ ఇంట్లో ఆ ముట్టు అబద్ధమని తెలిసిన మనుషులిద్దరే. ఒకరు ఆ మాట అన్నారు, రెండోవారు నోరు తెరవలేకపోయారు. తెరిస్తే ఎనిమిది నెలల నాటకం బయటపడుతుంది, ఆ గది పోతుంది. యలమంద కొట్టలేదు. ఈసారీ మూడు రోజులను ఐదు చేసింది కాబట్టి ఆమెకింకా స్నానం కాలేదు, అంటు మనిషిని కొట్టాలన్నా అంటుకోవాలి. నలుగురూ వినేలా ఉమ్మేసి, "ఖాళీగా కూర్చోబెట్టి మేపుతుంటే ఇంటికి శనిలా దాపురించావు గదే. రేపు తలకు పోసుకుని ఈ కుప్పంతా నువ్వే ఏరు" అన్నాడు. నాగేంద్రబాబు లోపలికెళ్ళి స్నానానికి వేడినీళ్ళు పెట్టమన్నాడు.

ఆదివారం ముక్కుకు చున్నీ కట్టుకుని శ్రీరమ్య బూజు కాయ ఏరుతోంది. ఏరేకొద్దీ దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. సుబ్బరావమ్మ వచ్చి పక్కన కూర్చుంది, తనూ చేయి వేసింది.

"ఎందుకన్నావమ్మా ఆ మాట?"

"వాడు మగాడు. నలుగురిలో తిరగాల్సినవాడు. పంట పాడుచేశాడంటే ఆ మాట జన్మంతా వాడి వెనకే ఉంటది. నీదేముంది, తలకు పోసుకుంటే పోయిద్ది." కాసేపు కాయ ఏరింది. "నా పెళ్ళైన ఏడు పత్తికి పురుగు తగిలితే, నేను ముట్టు దాచి చేలోకి పోయాననే అంది మీ నాయనమ్మ. ఊరంతా నమ్మింది. నేను మొయ్యలా?"

"నిజంగా దాచావా?"

"ముట్టెక్కడిది. అప్పటికి మీ అన్న కడుపులో ఉన్నాడు. ఇంకా ఎవరికీ చెప్పలేదంతే."

శ్రీరమ్య తల్లి చేతుల వంక చూసింది. వేళ్ళ చివర్లు పగిలి, గీతలు అరిగిపోయి ఉన్నాయి. జాలిపడదామనుకుంది గానీ రాలేదు. ఆ మాట ఎంత బరువో తెలిసిన మనిషే దాన్ని తెచ్చి కూతురి నెత్తిన పెట్టింది. ఇంకో పాతికేళ్ళకు తను కూడా ఇలాగే కూర్చుని, ఇదే గొంతుతో, తన కూతురికి ఈ లెక్క చెబుతుంది. అది తలుచుకోగానే ఆమెకు నిజంగా భయం వేసింది, బూజుకు కాదు, నాన్నకు కాదు.

సోమవారం ఆరింటికి తలస్నానం చేసి, సర్టిఫికెట్లూ రెండు జతల బట్టలూ సంచిలో పెట్టుకుని వసారాలోకి వచ్చింది. తండ్రి కాఫీ తాగుతున్నాడు. నాంచారమ్మ తమలపాకు తుడుచుకుంటోంది. నాగేంద్రబాబు గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని ఉన్నాడు.

"ఎక్కడికే? తాలు ఎవరేరతారు?" అని సంచి లాక్కోబోయాడు.

"అంటుకోకు అన్నయ్యా. మళ్ళీ ముట్టయ్యింది."

చాచిన చెయ్యి ఆగిపోయింది. వేలు కూడా తగలకపోయినా దాన్ని లుంగీకి తుడుచుకున్నాడు. "నిన్ననేగా తలకు పోసుకుంది" అని నాంచారమ్మ క్యాలెండర్ వైపు తిరిగింది. యలమంద కాఫీ గ్లాసు కింద పెట్టి పెళ్ళాన్ని అడిగాడు. "నిజమేనటే?"

అందరూ సుబ్బరావమ్మ వైపు చూశారు. శ్రీరమ్య కూడా చూసింది. ఇది అబద్ధమని ఒక్క మాట అంటే చాలు, సంచి లాక్కుని ఆమెను కళ్ళంలోకి ఈడ్చేస్తారు. కానీ ఆ ఒక్క మాట అంటే, మీ అమ్మాయి ముట్టని అబద్ధం చెబుతుందని నీకెప్పటి నుంచి తెలుసని యలమంద అడుగుతాడు. అప్పుడు వాననాటి ముట్టు సంగతి వస్తుంది. దాని వెంట పట్టా సంగతి, అద్దంకి క్రికెట్ సంగతి వస్తాయి. సుబ్బరావమ్మ చదువుకోలేదు గానీ ఇంత లెక్క ఆమెకు వచ్చు. కూతుర్ని చూసింది, గుమ్మంలో కొడుకును చూసింది.

"పక్కకు జరగరా, అంటు తగులుద్ది" అంది కొడుకుతో.

నాగేంద్రబాబు కుర్చీతో సహా జరిగాడు. శ్రీరమ్య గుమ్మం దాటి మెట్లు దిగింది. వెనక నాంచారమ్మ కుంకుమ అంటుకున్న వేలు పైకెత్తి, ఏ గడిలో పెట్టాలో తోచక, "స్నానం మళ్ళీ ఏ రోజే?" అని కేకేసింది.

"ఆ క్యాలెండర్ తీసెయ్ నాయనమ్మా" అంది శ్రీరమ్య, వెనక్కి తిరగకుండా. "ఈసారి నేను తలకు పోసుకునేది ఈ ఇంట్లో కాదు."