ఆపిన పుట

సాయంత్రం అయిదింటికి వర్క్‌షాపు సైరన్ కూసిందంటే, గుఢియారీలో రైలుపట్టాల పక్కనున్న ఆ ఇంట్లో మూడు పనులు వరసగా జరిగేవి. వ్యాగన్లు బాగుచేసే చోట ఫిట్టరుగా ఉన్న చిన్నారావు సైకిలు తెచ్చి గోడకు చేర్చేవాడు. అతని భార్య వరహాలమ్మ దేవుడి గూట్లో దీపం పెట్టేది. అతని తల్లి దాలమ్మ పీట వాల్చుకుని, కళ్ళజోడు తుడుచుకుని, పుస్తకం తెరిచేది.

శ్రీకాకుళం పక్క నుంచి వచ్చి ఇరవయ్యేళ్ళయినా ఒక్కరోజు ఆ చదువు తప్పలేదు. రాయపూర్‌లో తెలుగు పుస్తకాలు దొరకడమంటే మాటలు కాదు. రైల్వే కాలనీలో మనవాళ్ళ సంఘానికి ఒక గది, ఆ గదిలో ఒక బీరువా, బీరువాలో నూటికి పైచిలుకు పుస్తకాలు. ఆదివారం పొద్దున్న బుకింగ్ క్లర్కు కొండలరావుగారు తాళం తీస్తే తీసినట్టు.

దాలమ్మ ఎన్ని పేజీలు చదివిందో ఎప్పుడూ చూసుకోలేదు. ఒకరోజు రెండు, ఒకరోజు ఇరవై. కథలో ఎవరో ఒకరు అన్నం తినాలి, లేదా దీపం పెట్టాలి, లేదా నవ్వుతూ ఇంటికి చేరాలి. అంతవరకూ చదివి, అక్కడ తులసాకు పెట్టి మూసి కళ్ళకద్దుకునేది. ఎందుకంటే, ఆపిన చోట పుస్తకంలో ఎవరున్నారో వాళ్ళు ఆ ఇంటికి వచ్చేవారు. మర్నాడు చదువు మొదలయ్యే దాకా వరండాలో కూర్చునేవారు. వరహాలమ్మ వాళ్ళకీ కలిపి బియ్యం పోసేది. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ ప్రహరీ మీంచి తొంగి చూసి, "ఆజ్ కోన్ ఆయ హే, దాయీ?" అని ఆ రోజు వచ్చిందెవరో అడిగేది. "పెళ్ళివారు" అనో, "ఎవరో సన్యాసి" అనో వరహాలమ్మ చెప్పేది. ఆవిడ తలూపి తన పనిలో పడేది.

వచ్చినవాళ్ళు ఎక్కువ మాట్లాడరు. మాట్లాడినా పుస్తకంలో ఎలా ఉంటే అలాగే.

డెబ్భై ఒకటో సంవత్సరం వానాకాలంలో దాలమ్మ కళ్ళకు పొర కమ్మింది. పుస్తకం మనవరాలి చేతికొచ్చింది. సరోజినికి పద్దెనిమిదేళ్ళు. హిందీలో మెట్రిక్ ప్యాసై ఇంట్లో ఉంది. తెలుగక్షరాలు మామ్మ నేల మీద సుద్దముక్కతో నేర్పినవే గనక, చదువు కొంచెం నత్తనడక. అందుకే దేవుడి ముందు నిలబడి ఒక లెక్క పెట్టుకుంది. రోజుకి ఆరు పేజీలు. వచ్చే ఉగాదికి బీరువాలో కింది అర మొత్తం అయిపోవాలి. గోడ క్యాలెండరు మీద చదివిన రోజుకల్లా పెన్సిలుతో గీత.

"ఆరు పేజీలేటే? మంచి సోట ఆపాల గానీ," అంది దాలమ్మ.

"అలాగైతే ఒకరోజు బద్ధకమేసి రెండు పేజీలకే మంచి చోటొచ్చిందంటాను మామ్మా. నా సంగతి నాకు తెలీదూ? ఆరంటే ఆరే."

ఆరో పేజీ చివర వాక్యం సగంలో ఉన్నా సరే, టక్కున మూసేసేది. దాంతో వచ్చేవాళ్ళ తీరు మారింది. ఒకరోజు ఒక దివానుగారు తుమ్మబోయి, ఎగబీల్చిన ముక్కుతోనే వచ్చి, మర్నాడు సాయంత్రం దాకా అలాగే కూర్చున్నారు. చిన్నారావు నవ్వాపుకోలేక, "పాపం, ఆయన్ని తుమ్మనియ్యవే తల్లీ," అన్నాడు. ఇంకోరోజు ఒక పెళ్ళికూతురు వచ్చి రాత్రీ పగలూ ఏడ్చింది. అయినా సరోజిని లెక్క తప్పలేదు. క్యాలెండరు నిండా గీతలు చూసుకుంటే ఆమెకు కడుపు నిండినట్టుండేది.

కార్తీకమాసంలో పాత నవల ఒకటి మొదలుపెట్టింది. అట్ట ఎప్పుడో ఊడిపోయింది, పేరేమిటో ఎవరికీ తెలీదు. రెండు భాగాలు. మొదటి భాగం ఒక గురువారం సరిగ్గా ఆరో పేజీ చివర అయిపోయింది. ఆఖరి వాక్యం ఇది: "పిలుచుకొని పోవుటకు వచ్చితినని పలికి యతడు వెలుపల కూర్చుండెను."

దీపం పెట్టి బయటికొచ్చిన వరహాలమ్మ గేటు దగ్గర అతన్ని చూసింది. పొడుగాటి మనిషి. భుజాన మడతపెట్టిన కంబళి, చేతిలో వెలిగించని లాంతరు. కాళ్ళ నిండా ఎర్రదుమ్ము.

"లోపలికి రా బాబూ, అన్నం తిందువుగాని," అంది.

"పిలుచుకొని పోవుటకు వచ్చితిని," అన్నాడతను. గేటు బయటే కూర్చున్నాడు. అన్నం ముట్టలేదు. ఇన్నేళ్ళలో ఆ ఇంట అన్నం వద్దన్నవాడు అతనొక్కడే.

"ఎవుల్ని పిలుసుకెళ్తాడే?" దాలమ్మ అడిగింది.

"అది రెండో భాగంలో ఉంటుంది మామ్మా."

"తే మరి."

ఆదివారం సరోజిని సంఘం గదికి వెళ్ళింది. కొండలరావుగారు రిజిస్టరు తిరగేసి పెదవి విరిచారు. "తెలీబంధా చెరువు దగ్గర అన్నమ్మగారని, గార్డుగారి భార్య. ఆయన పోయి అయిదేళ్ళయింది. పుస్తకం తీసికెళ్ళి నాలుగేళ్ళు. మూడుసార్లు మనిషిని పంపాను. 'ఇంకా చదువుతున్నాను' అంటుంది. ఆవిడ ఇవ్వదమ్మాయ్, ఆశ వదిలేసుకో."

తిరిగొచ్చేసరికి ఆ మనిషి గేటు లోపల, తులసికోట పక్కన కూర్చుని ఉన్నాడు. వరహాలమ్మ పట్టపగలు పడుకుని ఉంది.

"బుఖారేటీ లేదే, ఒళ్ళు కాలడం లేదు. ఒంట్లో బలం లాగేసినట్టుంది, అంతే," అంది.

సరోజిని వేరే పుస్తకం తెచ్చి చదివింది. దాంట్లోవాళ్ళు వచ్చారు, భోంచేశారు, వెళ్ళారు. అతను మాత్రం కదల్లేదు. మొదటి భాగాన్నే వెనక్కి తిప్పి, మంచి చోటు చూసి మూసింది. అతని కాళ్ళ మీద దుమ్ము ఇంకొంచెం పెరిగింది.

"ఎనక్కి సదివితే ఎల్లరే. ముందుకి సదివితేనే ఎల్తారు," అంది దాలమ్మ. ఆమె కళ్ళకు అతను ఆనేవాడు కాదు. అయినా అతనున్న వైపే మొహం పెట్టుకుని కూర్చునేది.

రైల్వే డాక్టరు వచ్చి నాడి చూసి, నాలుక చూసి, రక్తం పట్టే మందు రాసిచ్చాడు. జబ్బని పేరు పెట్టడానికి ఏమీ దొరకలేదు. మంగళవారానికి అతను వరండా మెట్టెక్కాడు. బుధవారం గడప పక్కన కూర్చున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం సరోజిని గదిలోకి వెళ్తే వరహాలమ్మ మంచం మీద లేచి కూర్చుని చీరలు మడతపెడుతోంది. ట్రంకుపెట్టె తెరిచి ఉంది.

"ఎక్కడికమ్మా?"

"ఎప్పుడు బయల్దేరాలో అతన్ని అడిగి రావే. నాన్నకి అన్నం డబ్బా కట్టేసి వెళ్తాను." గొంతులో భయం లేదు. ఊరెళ్ళే మనిషి గొంతులాగే ఉంది.

ఆరు పేజీల లెక్క పెట్టింది తను. ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసింది తను. ఇంకో ఆలోచన లేకుండా చెప్పులేసుకుని బయటికొచ్చి, రిక్షా పిలిచి తెలీబంధా అంది.

అన్నమ్మ ఇల్లు చెరువు గట్టుకు ఎదురుగా రెండు గదుల పెంకుటిల్లు. గుమ్మంలో ఏడేళ్ళ పిల్ల గవ్వలాడుకుంటోంది. పట్టుపరికిణీ, విరబోసుకున్న జుట్టు. గవ్వలు ఎగరేస్తే చప్పుడు కావడం లేదు. పుస్తకంలోంచి వచ్చిన పిల్లేనని సరోజినికి చూడగానే అర్థమైంది.

"పెద్దమ్మా, ఈ పాప..."

"నా పిల్లే." లోపల్నుంచి వచ్చిన అన్నమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. బొద్దుగా, కోపిష్టిగా ఉంది. "కితాబు కోసం వచ్చుంటావు. కొండలరావు పంపించాడా? నేనింకా చదువుతున్నానని చెప్పు."

"నాలుగేళ్ళుగానా?"

"నీకేటి? నా చదువు నా ఇష్టం. పన్నెండో పేజీ దగ్గరున్నాను." ఆమె చేయి తెలీకుండానే పిల్ల తల మీదికి వెళ్ళింది. "పన్నెండో పేజీ చివర ఇది గుమ్మంలో కూసుని గవ్వలాడతాది. అక్కడ మూసీసాను. ఆయన పోయిన మరుసటి ఏడు అది. ఇల్లు బావురుమంటాంటే ఇదొచ్చి గుమ్మంలో కూసుంది. ఇంకెందుకు తిప్పుతాను పేజీ?"

సరోజిని గుమ్మం ముందే చతికిలబడింది. తమ ఇంట్లో గడప పక్కన కూర్చున్న మనిషి సంగతి చెప్పింది. కంబళి సంగతి, లాంతరు సంగతి, అమ్మ సర్దుకుంటున్న ట్రంకుపెట్టె సంగతి చెప్పింది. వింటూ వింటూ అన్నమ్మ పిల్లని దగ్గరికి లాక్కుంది.

"అయితే ఆడు దీని కోసం వచ్చినోడే," అంది చివరికి.

"నాకు తెలీదు పెద్దమ్మా."

"నాకు తెలుసు. పదమూడో పేజీ మొదటి ముక్క తొంగి చూసాను, తలుపు చప్పుడవుద్ది. నాలుగేళ్ళుగా ఆ చప్పుడు వినకుండా పడుకోలేదు నేను." అన్నమ్మ ఉన్నట్టుండి మండిపడింది. "ఏం పిల్లవే నువ్వు? ఎక్కడాపాలో తెలీదా? మీ ముసల్ది నేర్పలేదా?"

"నేర్పింది. నేనే వినలేదు."

ఆ మాటతో అన్నమ్మ చల్లబడింది. పుస్తకం ఇమ్మని అడగడానికి సరోజినికి నోరు రాలేదు. అడగకుండా లేచి వెళ్ళిపోవడానికి కాళ్ళూ రాలేదు. అప్పుడు ఆ పిల్ల గవ్వలు ఒళ్ళో పోసుకుని తలెత్తింది.

"అమ్మా, తరువాత నేమి జరిగెను?"

"చూసావా? రోజూ ఇదే అడుగుతాది," అంది అన్నమ్మ. "ఏడేళ్ళకాడే ఉండిపోయింది పిచ్చిముండ. పరికిణీ మడత ఒక్కసారి విప్పలేదు నేను." మొహం కొంగుతో తుడుచుకుంది. "నువ్వెళ్ళు. మీ అమ్మకాడ కూసో. పో, పో. నువ్వుంటే నేను చదవలేను."

రిక్షా గుఢియారీ గేటు దగ్గర గూడ్సు బండి కోసం ఆగింది. డబ్బాలన్నీ దాటే దాకా సరోజిని అమ్మవారి నామం చెప్పుకుంటూనే ఉంది. ఇల్లు చేరేసరికి గడప పక్కన చోటు ఖాళీగా ఉంది. నేల మీద ఎర్రదుమ్ము, అంతే.

"ఇప్పుడే లేచి ఎల్లాడే," అంది దాలమ్మ. "ఒక మనిషి రెండు గుమ్మాల్లో కూసోలేడు కదా. అక్కడెవులో సదువుతున్నారు."

లోపల వరహాలమ్మ ట్రంకుపెట్టె వైపు విచిత్రంగా చూస్తోంది. "ఈ చీరలన్నీ ఎవరు తీశారే? ఆకలేస్తోంది, కాస్త గంజి ఉంటే ఇయ్యి."

ఆదివారం కొండలరావుగారే పుస్తకం, రిజిస్టరూ పట్టుకుని ఇంటికి వచ్చారు. అన్నమ్మగారి ఇంటి తలుపులు తీసే ఉన్నాయట. పొయ్యి మీద ఎసరు ఇగిరిపోయిందట. పీట ముందు పుస్తకం బోర్లించి ఉందట. బుధవారం సాయంత్రం ఆవిడా, ఒక పిల్లా, కంబళి వేసుకున్న ఒక మనిషీ చెరువు గట్టు వెంట నడిచి వెళ్ళడం ఎదురింటివాళ్ళు చూశారట. "చుట్టాలింటికి వెళ్ళుంటుంది," అని ఆయన రిజిస్టరులో పుస్తకం వాపసు వచ్చినట్టు రాసి, సరోజిని పేర మళ్ళీ రాశారు.

ఆ సాయంత్రం సరోజిని మొదటి పేజీ నుంచి చదివింది. పన్నెండో పేజీలో పిల్ల గవ్వలాడింది. పదమూడో పేజీలో తలుపు చప్పుడైంది. "అమ్మ లేనిదే నేను రాను" అంది పిల్ల. "అంతట లోపలినుండి యొక స్త్రీ కొంగు నడుమునకు బిగించి బయటికి వచ్చి, పద, నేనును వచ్చెదననెను." ఆ ఒక్క వాక్యం సిరా తక్కిన అచ్చుకంటే నల్లగా ఉంది. సరోజిని వేలితో తాకింది. వేలికి మసి అంటింది.

ఆరు పేజీలు ఎక్కడ అయ్యాయో ఆమె చూసుకోలేదు. ముగ్గురూ అడవిదారి దాటి, ఏరు దాటి, ఒక చెట్టు కింద కూర్చుని పెరుగన్నం తినే దాకా చదివింది. అక్కడ మూసింది.

వరండాలో ముగ్గురూ ఉన్నారు. లాంతరు వెలుగుతోంది. అన్నమ్మ చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి. సరోజిని పరుగున వెళ్ళి చేతులు పట్టుకుంది. "పెద్దమ్మా, నేనే, సరోజినిని. మా అమ్మ బాగుంది పెద్దమ్మా. లేచి తిరుగుతోంది."

అన్నమ్మ ఆ అమ్మాయి మొహంలోకి దయగా చూసింది. కోపిష్టితనం జాడైనా లేదు.

"నిన్నెరుగనమ్మా. మేము దూరదేశము పోవుచున్నాము. ఈ రాత్రి యిచ్చట తల దాచుకొనవచ్చునా?"

సరోజిని సరేనంది. లోపలికి వెళ్ళి, దీపం ముందు కూర్చుని, చదవాల్సిన పుటల్ని బొటనవేలితో లెక్కపెట్టింది. ఇంకా నూట డెబ్భై ఆరు ఉన్నాయి. రోజుకి ఆరు చొప్పున నెల రోజులకే అయిపోతాయి. ఆ చివరి పుటలో ఏముందో ఎవరికి తెలుసు? చదవకపోతే ఆ పిల్ల నాలుగేళ్ళు ఆగినట్టే మళ్ళీ ఆగిపోతుంది.

ఆ ఏడు ఉగాదికి బీరువా కింది అర పూర్తి కాలేదు. ఆ మరుసటి ఏడూ కాలేదు. ఆదివారం ఆదివారం సరోజిని వెళ్ళి అదే పుస్తకాన్ని తన పేర మళ్ళీ రాయించుకునేది. చదువు మాత్రం ఒక్కరోజు తప్పలేదు. కొన్నాళ్ళు అరపేజీ, కొన్నాళ్ళు నాలుగు వాక్యాలు, కష్టం దగ్గర్లో ఉన్నట్టు తోస్తే ఒకే ఒక్క వాక్యం. ఈ వేళ చదివిన వాక్యంలో సత్రం అరుగు మీద అన్నమ్మ ఆ పిల్లకు జడ వేస్తోంది. జుట్టు వెనక్కి తీసింది, దువ్వెన అందుకుంది. సరోజిని అక్కడ ఆపి, పుస్తకం కళ్ళకద్దుకుని మూసింది.

బయట వరండాలో దువ్వెన చప్పుడు మొదలైంది.