మిట్ట వీధుల నర్సమ్మ

ఆస్పత్రిలో కూర్చునే పని దొరికితే ఎవరైనా అదృష్టం అనుకుంటారు. నర్సమ్మకు మాత్రం తల కొట్టేసినట్టయింది. చలికాలమంతా న్యుమోనియాతో మంచం పట్టి లేచేసరికి, ఆమె తిరిగే మిట్ట వీధులను వేరే నర్సుకు అప్పగించి, ఆమెను మందుల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. మిట్ట వీధులంటే కారు దూరని సందులు. మంచం దిగలేని ముసలివాళ్లకు కట్లు మార్చాలన్నా, ఇంజెక్షన్లు చెయ్యాలన్నా సైకిలు మీదే వెళ్లాలి. ఏళ్ల తరబడి ఆ పని చేసింది ఆమే. ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో, ఏ ఇంట్లో మనిషి కరుస్తాడో ఆమెకే తెలుసు.

"నా వీధులు నాకిచ్చెయ్యండక్కా" అని హెడ్‌నర్సు వెంటపడింది.

హెడ్‌నర్సు మనసు మంచిదే, మాటే కత్తి. "మిట్ట కింద నుంచి పై డిస్పెన్సరీ గేటు దాకా సైకిలు దిగకుండా రా, ఇచ్చేస్తా. మధ్యలో కాలు కింద పెట్టావో, మళ్లీ ఈ మాట ఎత్తకు. నెలాఖరు ఆదివారం పొద్దున్నే గేటు దగ్గర నేనే నిలబడతా."

నర్సమ్మ భర్తది సైకిళ్లు బాగుచేసే కొట్టు. చేతిలో పానా లేకుండా అతన్ని చూసినవాళ్లు తక్కువ కాబట్టి అందరూ పానా అనే పిలుస్తారు. పనిమంతుడు, కాదనలేం. కానీ తన పనిలో వంకుందని ఒప్పుకోవడం మాత్రం అతని ఒంట్లోనే లేదు. చెయిను తెగితే తొక్కినవాడిది తప్పు, ట్యూబు పగిలితే రోడ్డుది తప్పు. చలి తగ్గగానే ఓవరాయిలింగుకని కొట్టు నిండా సైకిళ్లు వచ్చిపడ్డాయి. ఆ హడావిడిలోనే ఒక సాయంత్రం భార్య సైకిలుకు కొత్త బ్రేకు రబ్బర్లు బిగించి, "ఇక గుర్రమే" అని చేతికిచ్చాడు.

మర్నాడు కాలవగట్టు మీద కాస్త దూరం పోయేసరికి, గుర్రం సంగతి అలా ఉంచి, గాడిద నయమనిపించింది ఆమెకు. తొడలు పట్టేశాయి. గట్టు కింద ఆవచేలన్నీ విరగబూసి కళ్లు జిగేలుమంటున్నా తలెత్తి చూసే ఓపిక లేదు. నారింజ తోట పక్కన పూత వాసన ఘుమ్మంటుంటే, ఆశపడి గట్టిగా పీల్చబోయింది. దగ్గు తెర వచ్చింది. దానికి తోడు తొక్కినంతసేపూ ఎక్కడి నుంచో సన్నగా సుయ్, సుయ్ అని కూత.

నర్సమ్మకు భయం పట్టుకుంది. ఎందరి ఛాతీలో విన్న చెవి అది, ఆ కూతంటే ఏమిటో దానికి తెలుసు. ఇంటికొచ్చి తలుపేసుకుని స్టెతస్కోపు తన ఛాతీకే పెట్టుకుంది. కూత లేదు. సైకిలెక్కితే మళ్లీ మొదలు. 'కష్టపెడితే కూసే ఊపిరితిత్తులన్నమాట' అని తనకు తనే తీర్పు చెప్పేసుకుంది. ఈ మాట భర్త చెవిన పడితే సైకిలుకు తాళం పడుతుంది. బండి బరువుగా ఉందందామా అంటే, పానా చేతి పనికి వంక పెట్టి ఆ ఇంట్లో ఎవరు బతగ్గలరు? నోరు మూసుకుంది.

అవతల పానా చూస్తూనే ఉన్నాడు. చెమటతో తడిసి, వాకిట్లో స్తంభం పట్టుకుని రొప్పుతున్న భార్యను చూసి, పాపం ఇంకా కోలుకోలేదనుకున్నాడు. సైకిలెలా ఉందని అడిగితే ఒళ్లెలా ఉందని అడిగినట్టుంటుంది, నొచ్చుకుంటుందని అతనూ నోరు మూసుకున్నాడు. ఒకరి మనసు ఒకరు ఇంతగా కాపాడుకునే మొగుడూ పెళ్లాలతో వచ్చే చిక్కే ఇది.

అయినా ఆమె మానలేదు. మొండిఘటం. ఆవచేల దాకా పోగలిగింది మొదట, తర్వాత నారింజ తోట దాకా, ఆ తర్వాత మిట్ట మొదట్లో ఉన్న కాగితప్పూల గోడ దాకా. ఒకరోజు నారింజ పూత వాసన కడుపు నిండా పీల్చినా దగ్గు రాలేదు. సైకిలు ఆపేసి, చెట్ల కింద రాలిన తెల్లపూల మధ్య నిలబడి, చిన్నపిల్లలా మళ్లీ మళ్లీ పీల్చింది. కాళ్లు గట్టిపడ్డాయి. ఆకలి పుట్టింది. కూత మాత్రం పోలేదు. 'కూస్తే కూయనీ' అనుకుంది.

ఆ ఆదివారం రానే వచ్చింది. హెడ్‌నర్సు పైన గేటు దగ్గర నడుం మీద చేతులేసుకుని నిలబడింది. పానా ముందే నడిచి వెళ్లి ఆవిడ పక్కన చేరాడు. పని సంచీ భుజానే ఉంది, అది లేకుండా అతను పెళ్లిళ్లకు కూడా పోడు.

సగం మిట్ట బాగానే ఎక్కింది. మలుపు దగ్గర సైకిలు దాదాపు ఆగిపోయింది. హ్యాండిలు అటూ ఇటూ ఊగింది. సరిగ్గా అప్పుడే ఒక కిటికీలోంచి, ఆమె చేత చలికాలం ముందు దాకా కాలికి కట్టు కట్టించుకున్న ముసలమ్మ కేకేసింది.

"మన నర్సమ్మేనే! దిగకమ్మా, దిగకు! ఈ కొత్త పిల్ల నన్ను అరిపించి చంపుతోంది!"

నర్సమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే సీటు మీంచి లేచి నిలబడి, ఒళ్లంతా పెడళ్ల మీద వేసి తొక్కింది. గేటు దాటాకే కాలు కింద పెట్టింది.

"రేపటి నుంచి నీ వీధులు నీవి" అంది హెడ్‌నర్సు.

నర్సమ్మ రొప్పుతూ సైకిలును గోడ వైపు నడిపించింది. సుయ్‌మంది. ఆగింది. ఊపిరి బిగబట్టి మళ్లీ నెట్టింది. ఊపిరి లేకపోయినా సుయ్‌మంది. వెనక చక్రం పైకెత్తి చేత్తో తిప్పితే అర చుట్టు తిరిగి టక్కున ఆగిపోయింది. బ్రేకు రబ్బరు ఒకటి రిమ్ముకు కరుచుకుని ఉంది.

పానా ముఖం మాడిపోయింది. గబగబా సంచీలో చెయ్యి పెట్టాడు.

"చెయ్యి తియ్యండి! అలాగే ఉంచండి" అంది ఆమె. "అక్కా, ఒక్కసారి ఈ చక్రం తిప్పి చూడండి."

హెడ్‌నర్సు తిప్పి చూసి నోరు తెరిచింది. "బ్రేకు పట్టేసుంది కదే! దీని మీదా ఎక్కావు?"

"దీని మీదే. నెల్లాళ్లుగా దీని మీదే" అంది నర్సమ్మ. ఒళ్లు పొంగిపోయింది. దాచుకోవాలని కూడా అనుకోలేదు.

సోమవారం పొద్దున మందుల సంచీతో ఆమె కొట్టు ముందు నుంచి వెళ్తుంటే, చక్రానికి గాలి కొట్టించుకోవడానికొచ్చిన ఎవరో పెద్దమనిషిని పట్టుకుని పానా చెబుతున్నాడు.

"తప్పు నాదేనండీ! బ్రేకు వంకరగా బిగించింది నేనే. ఆ బిగించిన బ్రేకు మీద మిట్టంతా ఎక్కేసింది మా ఆవిడ. అదిగో, అదే మా ఆవిడ!"